ఇంటి పనిలో సున్నా

పెదరేవు ఉన్నత పాఠశాలలో పదో తరగతి గది పైకప్పు ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎవరికీ ఇబ్బంది కలగని వేళ చూసుకుని, కూలింది. ప్రభుత్వ కట్టడాలలో ఇంత బాధ్యతగా కూలినది మరొకటి లేదని ఊరు మెచ్చుకుంది. ఇంజనీర్లు వచ్చి, జిల్లాలోని మిగతా బడుల కప్పులు కూడా ఇదే దారిలో ఉన్నాయని తేల్చారు. మరమ్మతులు పూర్తయ్యేదాకా పిల్లలు ఇళ్లలోనే ఉండి హోంవర్కు చేసుకోవాలని రాజధాని నుంచి ఆంగ్లంలో ఒక ఉత్తర్వు దిగింది. అంతవరకు దానిలో దోషమేమీ లేదు. అది తెలుగులోకి అడుగు పెట్టినప్పుడే కాలు జారింది.

హోంవర్కును మన బడులలో 'ఇంటి పని' అంటారు. నల్లబల్ల మూలన ఉపాధ్యాయులు రోజూ రాసే మాటే అది. రాజధానిలోని అనువాద శాఖ కూడా బుద్ధిగా అలాగే రాసి పంపింది. కాని జిల్లా ఉప విద్యాధికారి మార్తాండరావుగారికి భాష మీద మక్కువ ఎక్కువ. 'ఇంటి పని' అనేది బజారు మాట, ప్రభుత్వ పత్రంలో ఉండదగినది కాదు అని ఆయన అభిప్రాయం. కనుక దానిని సంస్కరించి, 'విద్యార్థినీ విద్యార్థులు గృహమునందే యుండి గృహకృత్యములను నేర్చి నిర్వర్తించవలెను. వారి ప్రగతిని ఉపాధ్యాయులు మూల్యాంకనము చేయవలెను' అని జిల్లా అంతటికీ పంపించారు.

గృహకృత్యాలంటే వంట, వార్పు, అంట్లు, ఊడ్పు. జిల్లా అంతా అలాగే అర్థం చేసుకుంది. ఒక్క వసుమతి టీచరు మాత్రం అర్థం చేసుకోలేదు.

వసుమతి పెదరేవు బడిలో పదో తరగతికి లెక్కలు చెబుతుంది. తప్పు ఎక్కడ కనబడినా ఎర్రసిరాతో సున్నా చుట్టే చెయ్యి ఆవిడది. ప్రధానోపాధ్యాయుల సమావేశానికి, వాళ్ల ప్రధానోపాధ్యాయుడికి నడుం పట్టుకుంటే, బదులుగా వెళ్లి, చివరి వరుసలో నుంచి లేచి నిలబడింది.

"సార్, అసలు ఉత్తర్వులో ఉన్నది హోంవర్కు. అంటే లెక్కలు, తెలుగు, సైన్సు. ఎక్కడో మాట మారింది."

సభలో ఎవరో దగ్గారు. మార్తాండరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"టీచర్ గారూ, ఉత్తర్వు పొరపాటు చేయదు. పొరపాటు చదివేవారి యందుండును. పిల్లలు ఇంటి పని నేర్చుకోవడం మీకు ఇష్టం లేదా?"

"ఇష్టమే సార్. కాని లెక్కలు..."

"ఇష్టమే అన్నారు. నమోదు చేసుకోండి" అన్నారు ఆయన పక్కనున్న గుమాస్తాతో. పెదరేవు పాఠశాల ఈ పథకాన్ని హర్షధ్వానాలతో ఆమోదించినట్టు ఆనాటి నివేదికలో చేరింది.

నెల తిరిగేసరికి గృహకృత్యాలు ఒక సబ్జెక్టు అయ్యాయి. సబ్జెక్టు అన్నాక మార్కులుండాలి, మార్కులన్నాక న్యాయంగా ఉండాలి. అందుకని మార్తాండరావుగారు ఒక శాస్త్రీయ పద్ధతి కనిపెట్టారు. ప్రతి విద్యార్థీ రెండు వీడియోలు పంపాలి. ఒకటి 'ముందు', ఒకటి 'తర్వాత'. ముందు వీడియోలో ఆ పని ఎంత రాదో చూపాలి. తర్వాత వీడియోలో ఎంత వచ్చిందో చూపాలి. రెంటికీ మధ్య ఉన్న తేడాయే విద్య. ఆ తేడాకే మార్కులు.

వినడానికి ఇది ఎంత సబబుగా ఉందంటే, ఇందులో కిటుకు కనిపెట్టడానికి జిల్లాలోని తల్లిదండ్రులకు పూట కూడా పట్టలేదు. తేడా పెరగాలంటే 'తర్వాత' బాగుండనక్కర లేదు. 'ముందు' ఘోరంగా ఉంటే చాలు. ఊళ్లో పింగాణీ కంచాలకు గిరాకీ వచ్చింది. ముందు వీడియోలో పగలగొట్టడానికి స్టీలు కంచాలు పనికిరావు గదా. ఐఐటీ కోచింగు సెంటరు వారు మేడ మీద 'అంట్ల అకాడమీ' తెరిచి, చీపురును తలకిందులుగా పట్టుకోవడంలో ప్రత్యేక తర్ఫీదు ఇవ్వసాగారు. ఆఫీసర్ల కాలనీలో ఒకావిడ, తన కొడుకు పాలు పొంగించిన తీరుకు మురిసిపోయి ఆ వీడియోను చుట్టాలందరికీ పంపించింది. "మా వాడికి ఏమీ రాదండీ, ఒట్టు" అని తల్లులు ఒకరితో ఒకరు పోటీ పడి చెప్పుకునే రోజులు వస్తాయని ఎవరు అనుకున్నారు?

పని నేర్చుకునే ఇంట్లో పనిమనిషి ఉండరాదని కూడా ఒక నిబంధన పుట్టింది. కాలనీలో పనివాళ్లనందరినీ ముందు గుమ్మంలో నుంచి పంపించేశారు. పిల్లలు ఒక గిన్నె తోమి వీడియో తీసుకున్నాక, మిగతా గిన్నెలు ఎవరు తోమాలన్న ప్రశ్న వచ్చి, వాళ్లనే పెరటి గుమ్మంలో నుంచి మళ్లీ పిలిపించారు. 

అలా మళ్లీ పిలిపించుకున్నవాళ్లలో ఎస్తేరు ఒకతె. మార్తాండరావుగారి ఇంట్లోనే ఆమె అంట్లు తోముతుంది. ఆమె కూతురు దయామణి పెదరేవు బడిలో వసుమతి దగ్గర పదో తరగతి చదువుతోంది. ఇన్నేళ్లుగా తన కంచం తోముతున్న మనిషికి చదువుకునే కూతురు ఉన్నదని మార్తాండరావుగారికి తెలియదు. తెలియవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ కలగలేదు.

దయామణి వీడియో ఇంకా రాలేదని వసుమతి ఒక సాయంత్రం చర్చి వెనక పేటకు వెళ్లింది. వాళ్లింట్లో వీడియో తీసే ఫోను లేదు. తన ఫోనుతోనే తీద్దామని బయలుదేరింది. వెళ్లేసరికి దయామణి పొయ్యి మీద అన్నం పడేసి, చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని, ఉతికిన బట్టలు ఆరేస్తోంది. టీచర్ని చూడగానే పిల్లవాణ్ణి దింపి, తడి చేతులు తుడుచుకుని, లోపలి నుంచి లెక్కల నోటు పట్టుకొచ్చింది.

"త్రికోణమితి అయిపోయింది టీచర్. చివరి రెండూ రాలేదు."

వసుమతి నోటు తిరగేసింది. జిల్లాలో ఉత్తర్వు అసలు అర్థంతో పాటించిన విద్యార్థిని ఈ పిల్ల ఒక్కతే కాబోలు. దిద్ది, రాని రెండింటికీ దారి చూపించి, అప్పుడు నిట్టూర్చి ఫోను తీసింది.

"ముందు వీడియో తీయాలి దయా. నీకు పని రాదన్నట్టు ఏదైనా చెయ్యి."

దయామణి అయోమయంగా చూసింది. "అంటే ఎట్టా టీచర్?"

"అన్నం మాడ్చు. అందరూ అదే చేస్తున్నారట."

అప్పుడే పని నుంచి వచ్చిన ఎస్తేరు గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆ మాట విన్నది. "మాడిస్తే మాడిస్తది గానీ టీచరమ్మా, ఆ మాడిన కూడు తినేదెవరు? మీ ఆపీసోళ్లు వచ్చి తింటారా?"

"పోనీ, ఒక గిన్నె కింద పడెయ్యమను."

"సొట్టలు పడతయ్. ఉన్నయ్యే సొట్టలు."

అయినా దయామణి టీచరు మాట కాదనలేక చీపురు తీసుకుని, రానట్టు ఊడ్వడానికి ప్రయత్నించింది. రెండడుగులు వంకరగా వేసి, మూల చేరేసరికి చెయ్యి తన దారిన తాను పోయింది. ఇల్లు అద్దంలా అయ్యింది. వసుమతికి ఆ రోజు ఒక సంగతి తెలిసింది: చేతకానితనం కూడా ఖర్చుతో కూడిన సరదాయే. అది కలిగినవాళ్లకే చెల్లుతుంది.

ఉన్నది ఉన్నట్టుగా తీసి పంపించింది. ఫలితాలు వచ్చాయి. మార్తాండరావుగారి అబ్బాయి ప్రణీల్, ముందు వీడియోలో కంచాల దొంతరను నేలకేసి కొట్టి, తర్వాత వీడియోలో ఒక చెంచాను సబ్బు నురగలో నుంచి పైకెత్తి నవ్వినందుకు తొంభై ఒక్క మార్కులు తెచ్చుకున్నాడు. దయామణి పేరు ఎదురుగా ఇలా ఉన్నది: 'ముందు: సంపూర్ణము. తర్వాత: సంపూర్ణము. ప్రగతి: సున్న.'

ఆ సున్నా అంత తేలికైనది కాదు. దయామణి లెక్కల మార్కులకు గురుకుల జూనియర్ కళాశాలలో సీటు ఖాయం. హాస్టలు, భోజనం, పుస్తకాలు అన్నీ వాళ్లే చూస్తారు. కాని ఏ ఒక్క సబ్జెక్టులో సున్నా ఉన్నా సీటు ఇవ్వరు. సీటు రాకపోతే ఏం చేస్తుందని వసుమతి అడిగినప్పుడు, ఎస్తేరు తాను తోముతున్న గిన్నె మీద నుంచి తల ఎత్తకుండా చెప్పింది.

"చేసేదేముంది. కాలనీలో ఇంకో రెండిళ్ల వాళ్లు అడుగుతున్నారు. నాతో తీసుకుపోతా."

ఇంటి పని రాలేదని ఫెయిలయిన పిల్ల, అందుకు శిక్షగా, బతుకంతా పరాయి ఇళ్లలో ఇంటి పని చేయాలి. లెక్కల టీచరుగా వసుమతి ఎన్నో తప్పుడు జవాబులు చూసింది కాని, ఇంత నిబ్బరంగా నిలబడిన తప్పును చూడలేదు. మర్నాడే జిల్లా కార్యాలయానికి వెళ్లింది.

మార్తాండరావుగారు ఆదరంగానే కూర్చోబెట్టారు.

"ఆ బాలిక యెడల శాఖకు సంపూర్ణ సానుభూతి కలదు. కాని ఆమె నేర్చుకున్నదేమిటి? వచ్చిన పనినే మళ్లీ చేసింది. దానికి మార్కులిస్తే, కష్టపడి నేర్చుకున్న పిల్లలకు అన్యాయం జరగదూ?"

"ఆ పిల్ల ఏడో ఏటనే నేర్చుకుంది సార్. అప్పుడు మీ సబ్జెక్టు పుట్టలేదు."

"అది ఆమె తొందరపాటు. సిలబసు రాకముందే చదివేస్తే శాఖ బాధ్యత వహించజాలదు."

"పోనీ సార్, పని బాగా వచ్చినవాళ్లకు సున్నా, రానివాళ్లకు తొంభై. ఈ లెక్క మీకు సరిగా తోస్తోందా?"

"ఇది లెక్క కాదు టీచర్ గారూ. విధానం." ఆయన గొంతు కొంచెం తగ్గించారు. "అయినా వాళ్లకు ఇవన్నీ పుట్టుకతోనే వస్తాయి. ఇందులో చదువేముంది?"

వసుమతి ఆ 'వాళ్లకు' అన్న మాట దగ్గర ఆగింది. ఆగి, నిబంధనల పుస్తకం బల్ల మీద పెట్టి ఒక పుట తెరిచింది. అభ్యర్థి కోరినచో ప్రత్యక్ష పునర్మూల్యాంకన సంఘము అభ్యర్థి గృహమును సందర్శించి మొదటి నుండి పరీక్షింపవలెను అని అందులో ఉన్నది. అది రాసింది మార్తాండరావుగారే. తన వాక్యం కనబడితే ఆయన కాదనలేరు.

"తప్పక వత్తుము" అన్నారు.

గురువారం నాడు సంఘం పేటకు వచ్చింది. అధ్యక్షులు మార్తాండరావుగారు, నిపుణురాలిగా మహిళా కళాశాలలో గృహవిజ్ఞానం చెప్పే విద్యుల్లతగారు, నివేదిక రాయడానికి గుమాస్తా. జీపు వీధి మొదట్లోనే ఆపి, మురుగు కాలవ దాటేటప్పుడు ఒకరి చేయి ఒకరు పట్టుకుని, గుమ్మం ముందు వేసిన ప్లాస్టిక్ కుర్చీల అంచున కూర్చున్నారు. ఎవరి నీళ్ల సీసా వారు తెచ్చుకున్నారు. పేటలో ఆడవాళ్లంతా గోడల మీద నుంచి చూస్తున్నారు. ఎస్తేరు ఆ వేళకు కాలనీలో, అధ్యక్షులవారి ఇంట్లోనే, అంట్ల దగ్గర ఉంది.

"పరీక్షాంశము?" అన్నారు మార్తాండరావుగారు.

"పాత్రల శుభ్రత, టీ తయారీ" అన్నది వసుమతి. "నిబంధన ప్రకారం మొదటి నుంచి."

దయామణి గ్లాసులు తోమి, బోర్లించి, టీ కాచి, పళ్లెంలో పెట్టి తెచ్చింది. స్టీలు గ్లాసుల మీద ఎండ పడి కళ్లు మిరుమిట్లు గొల్పుతోంది. సంఘం ఆ గ్లాసుల వంక చూసింది. గ్లాసులు సంఘం వంక చూశాయి. వసుమతి ఒకటి తీసుకుని ఒక గుక్క తాగింది.

"తీసుకోండి సార్. చల్లారిపోతుంది."

"నాకు ఇవాళ ఒక్కపొద్దు" అన్నారు విద్యుల్లతగారు.

"టీకి ఒక్కపొద్దు అడ్డం లేదు గదండీ."

"అడ్డం లేదు గానీ, బయట ఎవరో కాచిన పాలు..." అని ఆవిడ ఆగి, నీళ్ల సీసా మూత తిప్పుకోసాగారు.

"మేం ఇప్పుడే తాగి వచ్చామమ్మా" అన్నాడు గుమాస్తా, అధ్యక్షులవారి ముఖం చూస్తూ.

"నాకు సుగరు" అన్నారు మార్తాండరావుగారు.

"పంచదార వెయ్యలేదు సార్" అన్నది దయామణి. "విడిగా పెట్టాను."

గోడల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. మార్తాండరావుగారు గ్లాసును రెండు వేళ్లతో ఎత్తి, ఎండకు పట్టి, అటూ ఇటూ తిప్పి, ఆఖరికి ఒక దారి కనిపెట్టారు.

"అంచున ఏదో మచ్చ ఉన్నట్టుంది."

"లేదు సార్, ఇప్పుడే తోమాను" అన్నది దయామణి. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని కిందికి రాలేదు.

వసుమతి మాత్రం గ్లాసు కింద పెట్టి, కొత్త లెక్క చిక్కు విప్పేటప్పటిలా నెమ్మదించింది. "మీ కంటికి కనబడితే ఉన్నట్టే సార్. అందుకే తాగలేదన్నమాట. రాయించండి."

ఇంత సులువుగా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. ఉత్సాహం వచ్చి, నిలబడి చెప్పారు. "రాయవయ్యా. అభ్యర్థిని తోమిన పాత్రయందు శుభ్రత సందేహాస్పదము. అందువలన సంఘము పానీయము స్వీకరింపజాలకపోయినది. అభ్యర్థినికి పాత్రలు శుభ్రపరచుట యందు పరిజ్ఞానము సున్న."

ముగ్గురూ సంతకాలు చేశారు. వసుమతి ఆ కాగితం చేతికి తీసుకుని, అక్షరమక్షరం చదివి, తానూ సంతకం పెట్టింది.

"సార్, 'ముందు' అయిపోయింది. సున్నా. ఇక 'తర్వాత' చూడాలి."

సంఘంలో గుమాస్తాకు ముందు అర్థమైంది. అతడు దగ్గు అడ్డం పెట్టుకున్నాడు.

"దయా, గ్లాసు మళ్లీ తోముకురా."

"అది తోమిందే టీచర్."

"తెలుసు. మళ్లీ తోము."

దయామణి ఆమె వంక ఒక్క క్షణం చూసింది. ఆ చూపులో కోపం ఉంది; ఆ కోపం అధ్యక్షులవారి మీద మాత్రమే కాదు. గ్లాసు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. శుభ్రమైన గ్లాసును శుభ్రం చేయడం ఎంత కష్టమో గోడల మీది ఆడవాళ్లంతా చూశారు. పీచుతో రుద్ది, కడిగి, ఎవరూ చెప్పకుండానే ఇంకొకసారి కడిగి, టీ పోసి, తెచ్చి మార్తాండరావుగారి ముందు పెట్టింది.

"ఇప్పుడు తమ ఇష్టం సార్" అన్నది వసుమతి. "తాగితే గ్లాసు శుభ్రమైనట్టు. తాగకపోతే ఎందుకు తాగలేదో రాయాలి. మచ్చ ఉంటే ఎక్కడుందో చూపించి రాయండి. లేకపోతే మచ్చ లేదనీ, అయినా తాగలేదనీ రాయండి. నేను సంతకం పెడతాను. ఇదుగో, చూస్తున్నవాళ్లంతా సాక్షి సంతకం పెడతారు. కాగితం కలెక్టరుగారి దాకా పోతుంది."

"రాయనీ, మేమూ చూద్దాం" అన్నది గోడ మీద నుంచి ఒక ముసలామె. "మా దయ గళాసులో మచ్చ యాడుందో."

మార్తాండరావుగారు గ్లాసు వంక చూశారు. విద్యుల్లతగారి వంక చూశారు. ఆవిడ మురుగు కాలవ వంక చూస్తున్నారు. ఉత్తర్వులో గాని, నిబంధనలలో గాని, అనుబంధాలలో గాని, ఇటువంటి సందర్భానికి ఒక్క వాక్యం లేదు. చివరికి ఆయన గ్లాసు ఎత్తి, చిన్నపిల్లలు ఆముదం తాగినట్టు, కళ్లు మూసుకుని గటగటా తాగేశారు.

'తర్వాత: సంపూర్ణము. ప్రగతి: నూటికి నూరు' అని గుమాస్తా రాశాడు. అడగకుండానే రాశాడు.

దయామణి గృహకృత్యాలలో జిల్లాకు ప్రథమురాలైంది. గురుకులంలో సీటు వచ్చింది. మార్తాండరావుగారికి కూడా పెద్దపేరే వచ్చింది. ఏమీ ఎరుగని పేటపిల్లను పైకి తెచ్చిన అధికారి అని సభలలో శాలువాలు కప్పారు. ఆయన ఆ సభలలో ఎంత భావోద్వేగంతో మాట్లాడారంటే, తాను చెబుతున్నది నిజమని తానే నమ్మినట్టు కనబడ్డారు. బడికి కొత్త కప్పు పడింది. దాని ముందు గోడకు, దయామణి ఫొటోతో ఒక పెద్ద పోస్టరు కూడా పడింది.

చేరడానికి పట్నం బయలుదేరే ముందు దయామణి, తల్లి వెంట, టీచరుకు చెప్పి పోదామని వచ్చింది. ఎస్తేరుకు చదువు రాదు. పోస్టరు ముందు ఆగి, కూతురి ఫొటో చూసుకుని మురిసిపోయింది.

"ఏం రాశారు టీచరమ్మా?"

దయామణి తల తిప్పుకుంది. వసుమతి జీవితంలో ఎవరికీ తప్పుగా చదివి చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టే చదివింది. "'గ్లాసు తోముట కూడ ఎరుగని బాలిక, మన పథకము వలన నేడు జిల్లాకే ప్రథమురాలు.'"

ఎస్తేరు కొంగుతో ఫొటో మీద దుమ్ము తుడిచింది.

"సీటు వచ్చింది గదా. రాసుకోనీ" అన్నది. నాలుగడుగులు వేసి మళ్లీ ఆగింది. "ఒక్కటే నాకు అర్థం కాలా టీచరమ్మా. ఆళ్లింట్లో నేను తోమిన గిన్నెల మీద అమ్మగారు చెంబుడు నీళ్లు పోసుకుని గానీ లోపలికి తీసుకుపోరు. మరి ఆ రోజు మా గళాసు మీద నీళ్లు పోసేందుకు ఎవరూ లేరు గదా. అయ్యగారు ఎట్టా తాగాడో, పాపం."